కారు స్టార్ట్ కావట్లేదా? కొత్త బ్యాటరీయా, ఆల్టర్నేటర్ రిపేరా, ఏది మేలు?

సెల్ఫ్ కొడితే టక్‌టక్‌మని ఆగిపోయిందంటే చాలామంది నేరుగా బ్యాటరీ షాపుకే వెళ్తారు. విశాఖలో అది తొందరపాటు. కొత్త బ్యాటరీ, ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం) రిపేరు, ఈ రెంటికీ ముందు మూడో దారి ఒకటుంది: టెర్మినళ్లు (బ్యాటరీకి వైర్లు బిగించే చోట్లు), ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్‌ను కారు బాడీకి, ఇంజన్‌కు కలిపే వైరు) శుభ్రం చేయడం. లాసన్స్ బే, బీచ్ రోడ్డు, ఋషికొండ వైపు ఆరుబయట నిలిపే కార్లకు ఇదే ముందు చూడాలి. ఉప్పుగాలి, తేమ కలిసి క్లాంపు (వైరు చివర ఉండే బిగింపు పట్టీ) లోపలి అంచునూ, ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టునూ తినేస్తాయి. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల కరెంటు దారి ఇరుకైపోతుంది.

దీన్ని మల్టీమీటరుతో (వోల్టులు కొలిచే మీటరు) తేల్చవచ్చు. ఎర్ర కొన బ్యాటరీ ప్లస్ పోస్టు (క్లాంపు పట్టుకునే సీసపు మొన) మీద, నల్ల కొన దాని క్లాంపు మీద పెట్టి, మరొకరితో సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు దాటితే తప్పు ఆ జాయింటుదే. తర్వాత మైనస్ పోస్టుకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఇలాగే చూడండి. అక్కడ 0.3 వోల్టు దాటితే ఎర్త్ వైరు సంగతి చూడాలి. ఇవి రెండూ బాగుండి, సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజీ మాత్రం 9.6 కిందకి జారితే అనుమానం బ్యాటరీ మీదికి వెళ్తుంది.

శుభ్రం చేసే వరస ముఖ్యం. ముందు మైనస్ విప్పాలి, చివర్న మైనస్సే బిగించాలి. ప్లస్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. గ్లాసు వేడినీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు, అందులోని యాసిడ్‌ను పాడుచేస్తాయి. బిగించాక పైన వాజిలీన్ పూయండి.

ఇక బ్యాటరీ. కారు రాత్రంతా కదలకుండా ఉన్నాక పొద్దున్నే చూస్తే 12.6 వోల్టులు నిండుగా, 12.2 సగం, 12 కిందైతే ఖాళీ అని అర్థం. ఖాళీ అయినంత మాత్రాన చచ్చినట్టు కాదు. ఎంవీపీ కాలనీ నుంచి జగదాంబ దాకా ఏసీ వేసుకుని వెళ్లొచ్చే కారుకు ఛార్జి నిండే వ్యవధే ఉండదు. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీని 3.5 ఆంపియర్లతో 10-12 గంటలు బయట ఛార్జరు మీద పెట్టి, మర్నాడు చూడండి. 10.5 దగ్గరే ఆగితే ఒక సెల్ (బ్యాటరీ లోపలి గది) షార్ట్ అయినట్టు, దానికి మార్పిడి తప్ప దారి లేదు. మూతలున్న బ్యాటరీలో హైడ్రోమీటరు (యాసిడ్ చిక్కదనం కొలిచే సాధనం) రీడింగు సెల్‌కూ సెల్‌కూ 0.050 తేడా వచ్చినా అంతే.

ఆల్టర్నేటర్‌కు ఇంజన్ ఆన్‌లో ఉండగా చూడాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు వేసి బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వస్తే ఛార్జింగు సరే. 13 దాటకపోతే ముందు బెల్టు బిగువు, ఆ తర్వాత ఆల్టర్నేటర్ లోపలి కార్బన్ బ్రష్‌లు, రెగ్యులేటరు (వోల్టేజీని అదుపులో ఉంచేది), డయోడ్ ప్లేటు (కరెంటును ఒకే దిశకు మార్చేది) చూడాలి. 15 దాటిందంటే రెగ్యులేటరు పోయినట్టే. బ్యాటరీ నీళ్లు మరిగి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, అలాంటప్పుడు దగ్గర నిప్పు ఉంచకండి. ఇంజన్ ఆన్‌లోనే ఉంచి మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టులకు తిప్పితే 0.5 పైన చూపడం డయోడ్ లోపానికి గుర్తు. కొత్త కార్లలో కంప్యూటరే వోల్టేజీని పెంచి తగ్గిస్తుంది కాబట్టి ఒక్క రీడింగు చూసి తీర్పు చెప్పకండి.

ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్ పరీక్షించే పద్ధతి ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఆ క్షణంలో లేచే వోల్టేజీకి ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు) కాలిపోవచ్చు, దాని ముందు బ్యాటరీ ఖర్చు చిన్నది.

మా మాట: టెర్మినళ్లు ముందు. అవి సరిగ్గా ఉండి, ఛార్జింగు 13.8 పైన ఉండి, ఛార్జి చేసిన బ్యాటరీ మర్నాటికే దిగిపోతే, కారులో కరెంటు లీకేజీ ఉందేమో చూడండి. కారు తాళం వేసి అరగంట ఆగాక బ్యాటరీ నుంచి పారే కరెంటు 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు. లీకేజీ లేకపోతే బ్యాటరీ కొనండి. ఛార్జింగే తక్కువైతే ఆల్టర్నేటర్ మొత్తం మార్చే ముందు బ్రష్‌లు, రెగ్యులేటరు మార్చి చూడటం చవక. కాయిల్ (లోపలి తీగచుట్ట) కాలి వాసన వస్తే మాత్రం ఆ ఆల్టర్నేటర్‌ను తీసేయాల్సిందే. బాగు చేయించిన ఆల్టర్నేటర్‌ను పూర్తిగా దిగిన బ్యాటరీకి తగిలించకండి. బ్యాటరీని ముందు ఛార్జరు మీద నింపాలి, లేకపోతే ఆల్టర్నేటర్ వేడెక్కి మళ్లీ పాడవుతుంది.

సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే కార్లకు మామూలు బ్యాటరీ వేయించకండి. వాటికి ఈఎఫ్‌బీ, ఏజీఎం అని వేరే రకం బ్యాటరీలుంటాయి: కంపెనీ వేసింది ఈఎఫ్‌బీ అయితే ఈఎఫ్‌బీ, ఏజీఎం అయితే ఏజీఎం. పాతదాన్ని షాపులోనే ఇస్తే బిల్లులో కొంత తగ్గిస్తారు.