విజయవాడలో వీపునొప్పికి ‘టక్’ మనిపించే సెంటర్లు: ప్యాకేజీ డబ్బు ముందే కట్టకండి

బెంజ్ సర్కిల్ వైపు ఒక కైరోప్రాక్టిక్ (చేత్తో వెన్నుపూసలు నొక్కి, తిప్పి చేసే వైద్యం), మసాజ్ సెంటర్‌లో నాకు జరిగింది రాస్తున్నాను. సెంటర్ పేరు రాయడం లేదు. ఒక్క పేరు రాస్తే దాన్ని తప్పించుకుని పక్క వీధిలో అలాంటిదానికే వెళ్తారు. వాళ్ల పద్ధతి తెలిస్తే ఎక్కడున్నా గుర్తుపడతారు.

నాకు పటమటలో బ్లౌజులు కుట్టే షాపు ఉంది. శ్రావణమాసం వచ్చిందంటే మిషన్ మీంచి లేచే పని ఉండదు. వీపు పైభాగంలో, రెండు రెక్కల మధ్య పట్టేసి, సాయంత్రమయ్యేసరికి మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. వీళ్ల రీలు ఫోన్‌లో కనిపించింది. ఒకాయన్ని బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కగానే టక్‌టక్‌మని శబ్దం, ఆయన లేచి నవ్వడం. మీరూ చూసే ఉంటారు.

వెళ్లగానే నా వెనక నుంచి ఫోటో తీసి, దాని మీద ఎర్రగీతలు గీసి చూపించారు. “చూశారా మేడం, ఎడమ భుజం దిగింది, పూస పక్కకి జరిగింది.” భుజాలు అంగుళం అటూ ఇటూ లేనివాళ్లు ఎవరున్నారండీ? కొలతలు తీసేదాన్ని కాబట్టి చెబుతున్నాను, నా కస్టమర్లలో సగం మందికి రెండు వైపులా ఒకేలా ఉండవు. ఆ తర్వాత తెల్లకోటు వేసుకున్న ఒకాయన వీపు నొక్కాడు, శబ్దం వచ్చింది, హాయిగానే అనిపించింది. ఆ హాయిలో ఉండగానే కౌంటర్‌లో అమ్మాయి ప్యాకేజీ చెప్పింది. విడిగా అయితే సిట్టింగ్‌కి 1,500. ఇరవై సిట్టింగులకి ఒకేసారి కడితే 18,000, అదీ “ఇవాళ్టికే మేడం”. ఈఎంఐ కూడా ఉందట.

ఆ టక్‌మనే శబ్దం సంగతి చెప్పాలి, వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది కాబట్టి. కీళ్లలో జిగురు ద్రవం ఉంటుంది. కీలుని ఒక్కసారిగా లాగితే లోపల ఒత్తిడి తగ్గి గ్యాస్ బుడగ ఏర్పడుతుంది, ఆ చప్పుడు అదే. వేళ్లు విరుచుకుంటే వచ్చేదీ అదే. జరిగిన పూస తిరిగి చోటుకి వచ్చిందని దానికి అర్థం కాదు. కాసేపు కండరం వదులై తేలికగా ఉంటుంది, మసాజ్‌తో కూడా అలాగే ఉంటుంది. అది నేను కాదనను. ఆ కాసేపటిని చూపించి ఇరవై సిట్టింగులు అమ్మడం దగ్గరే నా గొడవ.

ప్యాకేజీ కట్టాక తెల్లకోటు ఆయన కనపడటం మానేశాడు. ఒక కుర్రాడు వచ్చి మోచేత్తో రెక్కల మధ్య నొక్కేవాడు. నొప్పి పెరిగింది, పక్కటెముకల దగ్గర ఊపిరి తీస్తే గుచ్చేది. చెబితే “లోపలి విషాలు బయటికి పోతున్నాయి, మొదట్లో అలాగే ఉంటుంది” అన్నారు. ఒకరోజు చెప్పాపెట్టకుండా మెడ పట్టుకుని గభాలున తిప్పేశాడు. ఆ రోజుతో మానేశాను.

సూర్యారావుపేటలో ఎముకల డాక్టరు గారు వీపు ముట్టుకోకముందే ప్రశ్నలు మొదలెట్టారు. జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ వస్తోందా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, ఎప్పుడైనా స్టెరాయిడ్లు వాడారా అని. నాకు ఆయాసం, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగాను. అవి ఎముకని పలచబరుస్తాయట. ఎముక గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీస్తే నా ఎముక పలచబడిందని తేలింది. అలాంటి ఎముకని మోచేత్తో నొక్కితే విరగొచ్చు. నా అదృష్టం బాగుండి కండరం దెబ్బతినడంతో పోయింది. సెంటర్‌లో నింపించిన ఫారంలో నా పేరు, ఫోన్ నంబరు, ‘మా గురించి ఎలా తెలిసింది’ అన్న ప్రశ్న తప్ప ఇవేవీ లేవు. డాక్టరు గారే అన్నారు, వెన్నెముక టీబీ కూడా ఒక్కోసారి ఇలా వీపునొప్పితోనే మొదలవుతుంది, తెలియక నొక్కితే కాళ్లు చచ్చుబడొచ్చు అని. ఛాతీలో బరువు, చెమటలతో కలిసి వచ్చే వీపునొప్పి గుండెది కావచ్చు. దానికి మసాజ్ బల్ల కాదు, 108 కావాలి.

మెడ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఎవరినీ తిప్పనివ్వకండి. మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని మెడ పూసల్లోంచే పోతుంది. గబుక్కున తిప్పినప్పుడు అరుదుగా దాని లోపలి పొర చిరిగి పక్షవాతం రావొచ్చు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే దీని గురించి హెచ్చరించింది, తిప్పేముందు ఈ సంగతి రోగికి చెప్పాలని కూడా అంది. సెలూన్‌లో తలకి మసాజ్ చేసి చివర్లో మెడ విరుస్తారే, అదీ ఈ లెక్కలోకే వస్తుంది. మా ఆయనకి ఆ అలవాటు మాన్పించాను. మెడ తిప్పించుకున్నాక ఎప్పుడూ లేనంత మెడనొప్పి, కళ్లు తిరగడం, మాట తడబడటం, ఒకటి రెండుగా కనపడటం ఉంటే ఆ సెంటర్‌కి ఫోన్ చేస్తూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి.

ఎవరు చేస్తున్నారో కూడా అడగండి. అమెరికాలో 1895లో పుట్టిన ఈ కైరోప్రాక్టిక్ వైద్యానికి అక్కడ ఏళ్ల తరబడి చదువు, లైసెన్సు ఉన్నాయి. మన దేశంలో దానికంటూ కౌన్సిల్ లేదు, కాబట్టి వారం కోర్సు చేసినవాడూ బోర్డు పెట్టుకోవచ్చు. ఫిజియో అంటే బీపీటీ అనే ఫిజియోథెరపీ డిగ్రీ, నాలుగేళ్లకు పైబడిన చదువు. గోడ మీద సర్టిఫికెట్ ఉంటే అది ఏ యూనివర్సిటీదో దగ్గరికెళ్లి చదవండి. నాకు డాక్టరు గారు పంపిన ఫిజియో అమ్మాయి ఎక్కువగా వ్యాయామాలే చేయించింది. మిషన్ బల్ల ఎత్తు పెంచమంది, అరగంటకోసారి లేవమంది. తగ్గుముఖం పట్టింది.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు. మిగిలిన సిట్టింగులకి తిరిగివ్వమంటే రసీదు వెనక ‘నో రిఫండ్’ చూపించారు. “మీ ఇంట్లో ఎవరికైనా వాడుకోండి మేడం” అన్నారు. మా అత్తగారికి డెబ్భై దాటాయి, ఆవిణ్ణి పంపమంటారా? రసీదులో జీఎస్టీ నంబరు లేదు, చేసినవాడి పేరు లేదు, ‘వెల్‌నెస్’ అని ఒక్క ముక్క. ‘నో రిఫండ్’ అని రాసినంత మాత్రాన మన హక్కు పోదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, సేవలో లోపం ఉన్నా డబ్బు తిరిగివ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతులే. జాతీయ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. కేసు రెండేళ్లలోపు వేయాలి, మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

ఇప్పటికే ఇలాంటి చోట కట్టి ఉంటే రసీదు, ఫోన్‌పే వివరాలు, వాట్సాప్‌లో వాళ్లు పంపిన ఆఫర్ మెసేజ్‌లు చెరపకండి. నా దగ్గర ఆ ఆఫర్ మెసేజ్ ఉండబట్టే వాళ్లు ‘ఇరవై సిట్టింగులు అని మేం అనలేదు’ అనలేకపోతున్నారు.