పోటు చూసుకుని బయలుదేరండి: గోదావరి పాయల వెంట గాలం, బస, పులుసు

కోనసీమ వైపు గాలం పట్టుకుని వెళ్ళేవాళ్ళు గది మాట్లాడుకునే ముందు క్యాలెండర్లో తిథి చూసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి దాటాక రెండు మూడు రోజులు పోటూ (నీరు ఎక్కడం) పాటూ (నీరు దిగడం) రెండూ గట్టిగా ఉంటాయి. అష్టమి చుట్టుపక్కల నీళ్ళు బద్ధకంగా కదులుతాయి. ఉప్పు పాయల్లో చేప మేతకి తిరిగేది నీటికి నడక ఉన్నప్పుడే. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. శుక్రవారం ఉదయం ఆరింటికి పోటు నిండితే ఆదివారం అదే పోటు ఏడూ నలభై ప్రాంతంలో నిండుతుంది. పోటు నిండే ముందు రెండు గంటలు, పాటు మొదలయ్యాక ఒక గంట: ఆ మూడు గంటలు నీటి ఒడ్డున ఉండగలిగే బసే మంచి బస. పొద్దున్న ఎనిమిదింటికి గానీ గేటు తియ్యని చోట ఏసీ ఎంత చల్లగా ఉన్నా గాలం వేసేవాళ్ళకి పనికిరాదు.

రెండో లెక్క నీటి రుచి. 1852 నాటికి కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. వేసవిలో నదిలో పారకం తగ్గి ఉప్పునీరు పాయల్లో పైకి ఎగదన్నుతుంది. వరద రోజుల్లో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాకా ఎర్ర మంచినీళ్ళే. అందుకే నరసాపురం రేవులో మేలో పడిన చేప ఆగస్టులో పడదు. వరద నీళ్ళలో మెరిసే ప్లాస్టిక్ ఎరలు దండగ, చేపకి అవి కనపడవు. వాసన ఉన్న రొయ్య, వానపాము వాడాలి. ఆనకట్ట దగ్గర మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ వార్త వింటే ప్రయాణం వాయిదా వేసుకోండి, రేవు దాటించే పంట్లు కూడా ఆగిపోతాయి. మొత్తమ్మీద నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక, మోటారు పడవలు సముద్రంలో వేటాడకూడదు కాబట్టి ఆ రెండు నెలల్లో సముద్రంలోకి తీసుకెళ్తామని ఎవరైనా బేరం పెడితే ఒప్పుకోకండి.

పండుగప్ప గురించి అందరూ చెబుతారు. ఇక్కడ దాన్ని వదిలేసి మిగతా చేపల సంగతే చూద్దాం.

కాలవలు: రావులపాలెం, లొల్ల, ఆత్రేయపురం

మంచినీటి వేటకి బస రావులపాలెంలో చూసుకోవడం మేలు. రాజమండ్రిలో హోటళ్ళు బాగుంటాయి, కానీ తెల్లారకముందే అక్కణ్ణుంచి బయలుదేరి రావాలి. రావులపాలెం లాడ్జీలు మామూలువే, పైగా హైవే లారీల మోత. రోడ్డు వైపు గది వద్దని ముందే చెప్పండి. వంతెన పక్క ఇసుక తిన్నెల కంటే లోపలి కాలవలే నయం. లొల్ల లాకుల దగ్గర ఫొటోలు తీసుకునేవాళ్ళు ఎక్కువ. లాకు తలుపుల కింద సుడి ఉంటుంది, అక్కడ దిగొద్దు. కాలవ వెంట కొంత దూరం నడిచి, తూడు, గుర్రపుడెక్క ఒడ్డుకి చేరిన మలుపులు వెతుక్కోండి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు నీళ్ళు మడుగుల్లో మిగులుతాయి, చేపంతా అక్కడే పోగవుతుంది. ఊరి చెరువులు మాత్రం వేలం పాటలో ఎవరో ఒకరు పాడుకున్నవే. పాడుకున్నవాళ్ళని అడక్కుండా గాలం వేస్తే గొడవే.

ఈ నీళ్ళలో ముఖ్యమైంది కొర్రమీను. గాలిని పీల్చుకునే చేప కాబట్టి ఉండుండి పైకొచ్చి బుడగ వదిలి వెళ్తుంది. ఆ బుడగ చూసిన చోటికి ఒక బార అవతల ఎర వేసి మెల్లగా ఇటు లాగాలి. చిన్న కప్ప గానీ, రబ్బరు కప్ప గానీ సరిపోతుంది. దారం మాత్రం అల్లిన దారమే, 30 నుంచి 40 పౌండ్ల బలం ఉన్నది కావాలి. సన్న నైలాన్ వేస్తే చేప తూడులోకి దూరి తెంపుకుపోతుంది. నీళ్ళు బద్దలైన చప్పుడు వినగానే గెడ ఎత్తేస్తే కప్ప ఒక్కటే వెనక్కొస్తుంది. దారం బిగిసే దాకా ఆగి అప్పుడు లాగాలి. తొలకరి తర్వాత ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన తిరుగుతూ కనిపిస్తే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టు. వాటిని పడితే గుంపంతా ఇతర చేపల పాలవుతుంది, వదిలెయ్యండి.

బొచ్చె, శీలావతికి సన్న వెదురు గెడ, 0.30 మిల్లీమీటర్ల నైలాన్, జీలుగు బెండు, 6వ నంబరు గాలం. ఎరకి రెండు పాళ్ళు వేయించిన తవుడు, ఒక పాలు వేరుశనగ చెక్క పొడి, ఒక పాలు మైదా. నీళ్ళు చెంచాలతో కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే గట్టిగా కలపాలి. పల్చగా కలిపితే విసరగానే ఊడి పడుతుంది. మైదా ఎక్కువైతే రాయిలా ఉండి వాసన వదలదు. బొచ్చె నీటి పైభాగంలో మేస్తుంది కాబట్టి బెండు కిందికి జరిపి మూడడుగుల లోతులో ఎర ఆపాలి. శీలావతికి ఇంకా లోతు. మోసుకి అడుగునే.

నరసాపురం, అంతర్వేది

డెల్టా అంతటికీ ఒక్కటే బస ఎంచుకోమంటే నరసాపురం అనే చెబుతాం. రైలు ఇక్కడే ఆఖరు. రేవు ఊళ్ళోనే ఉంది, ఐసు, గాలం సామాను, చేపలు కోసిచ్చేవాళ్ళు అన్నీ నడకదూరంలో. లాడ్జీల్లో గదిలో వంట కుదరదు, అయితే చిన్న మెస్సుల్లో చేప ఇస్తే కూలి తీసుకుని పులుసు పెట్టిచ్చేవాళ్ళుంటారు. కారం, నూనె ఎవరివో ముందే తేల్చుకోండి. అవతలి ఒడ్డున దిండి కొబ్బరితోటల్లో రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్నాయి. కుటుంబంతో వెళ్ళి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవడానికి దానికి సాటి లేదు. గాలానికి మాత్రం పడవల రాకపోకల సందడి ఎక్కువ. ఇంట్లోవాళ్ళు దిండిలో, గాలంవాళ్ళు చించినాడ వంతెన మీదుగా ఇవతల ఒడ్డుకి: ఈ ఏర్పాటుతో ఇద్దరికీ పేచీ ఉండదు.

రేవు చుట్టుపక్కల పాయల్లో కొయ్యింగలు గుంపులుగా తిరుగుతాయి. వీటి నోరు చిన్నది, పెదవి మెత్తన. 10వ నంబరు గాలం, బఠాణీ గింజంత గోధుమపిండి ముద్ద. గట్టిగా లాగితే పెదవి చిరిగి జారిపోతుంది, మణికట్టు కదిలితే చాలు. ముందు నానిన బ్రెడ్డు ముక్కలు గుప్పెడు చల్లితే గుంపు ఒకచోట నిలుస్తుంది.

జెల్లలు అడగకుండానే పడతాయి. వీపు మీద ఒకటి, పక్కలకి రెండు ముళ్ళు, మూడూ బిగించి నిలబెడుతుంది. ఉప్పునీటి జెల్ల ముల్లు గుచ్చుకుంటే విషం ఎక్కి చెయ్యంతా సలుపుతుంది. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి దిగుతుంది, ఆ విషం వేడికి విరుగుతుంది. ముల్లు లోపల విరిగిపోతే డాక్టరు దగ్గరికే. అందుకని జెల్లని గాలం నుంచి విప్పకముందే పట్టకారుతో మూడు ముళ్ళూ విరిచెయ్యాలి. నోట్లో గోళీకాయలంత గుడ్లున్న జెల్ల పడితే అది మగది, గుడ్లు పొదుగుతోంది. దాని ముళ్ళ జోలికి పోకుండా నీళ్ళలోకి వదిలెయ్యడం మర్యాద.

అంతర్వేదికి రేవు దాటి సఖినేటిపల్లి మీదుగా వెళ్ళాలి. పంటు మీద బండి కూడా ఎక్కుతుంది. రాత్రి చివరి పంటు ఎప్పుడో వెళ్ళేటప్పుడే అడగండి, వేట బాగుందని కూర్చుంటే తిరిగిరావడానికి చాలా దూరం చుట్టాలి. గుడి దగ్గర సత్రాలు చవక, శుభ్రంగానే ఉంటాయి, కానీ అక్కడికి చేపలు తీసుకెళ్ళడం బాగుండదు. మాఘమాసంలో కల్యాణం రోజుల్లో గది దొరకదు. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నీళ్ళు కాళ్ళ కింద ఇసుక లాగేస్తాయి, మోకాలి లోతు దాటి దిగొద్దు. ఇక్కడ కావాల్సింది మాగ చేప. 11 అడుగుల గెడ, 0.40 నైలాన్, చివర 0.50 ముక్క రెండడుగులు, 2/0 గాలం, 80 గ్రాముల సీసం. సీసం గుండ్రంగా ఉంటే అలకి దొర్లి ఒడ్డుకొచ్చేస్తుంది. పలకలుగా, కోసుగా ఉన్నది ఇసుకలో దిగి నిలుస్తుంది. బతికున్న రొయ్యని కొమ్ము కింద నల్లగా కనిపించే భాగం తగలకుండా గుచ్చాలి, అది తెగితే రొయ్య చచ్చిపోతుంది. పావుగంటకోసారి తీసి చూడకపోతే పీతలు తినేసిన ఖాళీ గాలమే నీళ్ళలో ఉంటుంది. గాలానికి జానెడు పైన చిన్న బెండు ముక్క కడితే ఎర నేలకి ఎత్తుగా ఉండి పీతల బెడద తగ్గుతుంది.

పడవ మాట్లాడుకుంటే గంటల లెక్క కాదు, పోటు లెక్క మాట్లాడండి: పోటు నిండే దాకానా, పాటు దిగే దాకానా. డీజిల్ ఎవరిది, లైఫ్ జాకెట్లు ఎన్ని, పడిన చేప ఎవరిది, ఈ మూడూ ఒడ్డు మీదే తేల్చుకోవాలి. మూడోది విచిత్రంగా అనిపించొచ్చు, కానీ తగువులన్నీ దాని మీదే వస్తాయి.

యానాం, కోరంగి

యానాంలో లాడ్జీలకి కొదవలేదు. శని, ఆదివారాల్లో మందు కోసం వచ్చే జనంతో గోలగా ఉంటుంది, మధ్యవారంలో వెళ్ళండి. ఇక్కడికి గాలం కంటే సంచీ పట్టుకుని రావడం మేలు. జూలై నుంచి సెప్టెంబరు దాకా దొరికే పులస వల చేపే, అది నీళ్ళలోని సన్నటి నాచు, పురుగుల్ని వడకట్టుకుని తింటుంది గనక గాలానికి ఆశపడదు. కిలో దాటిన పులస వేలంలో ఇరవై వేలు పైన పలికిన వార్తలు వచ్చాయి. విలసని, అంటే ఇదే చేపని సముద్రంలో ఉండగానే పట్టి, ఐసు పెట్టి పులసని చెప్పి అమ్మేవాళ్ళూ ఉన్నారు. వలలోంచి తీస్తుండగా కళ్ళారా చూస్తే తప్ప ఆ ధర పెట్టడం తెలివైన పని కాదు. వరదలు తగ్గాక, కార్తీకం రోజుల్లో చీరమేను దొరుకుతుంది. దానికి ఎంతైనా పెట్టొచ్చు అన్నది మా అభిప్రాయం.

కోరంగి మడ అడవి అభయారణ్యం, లోపల గాలం వేస్తే నేరం. అక్కడ చేపలు పట్టే హక్కు నీటిపిల్లికే ఉంది. పడవెక్కి చూసి రండి, అంతే.

దాక మీద

కొర్రమీను బతికుండగా జారిపోతుంది. తడి గోనెలో తెచ్చి, తల మీద ఒక్క దెబ్బ వేసి, బూడిద పట్టించి గరుకు రాయి మీద రుద్దితే జిగురంతా పోతుంది. జెల్లకి పొలుసు లేదు, మరిగే నీళ్ళు ఒక్క చెంబు పోసి ఉప్పుతో రుద్దాలి. కొయ్యింగ కడుపు లోపల నల్లటి పొర ఉంటుంది. దాన్ని గోకి తియ్యకపోతే పులుసు చేదెక్కుతుంది, చాలామంది పసరు చితికిందనుకుంటారు. కాలవ చేపకి మట్టి వాసన వస్తే ముక్కలకి ఉప్పు, పసుపు, ఒక నిమ్మకాయ రసం పట్టించి పావుగంట ఉంచి కడగాలి. పులుపుకి ఆ వాసన తగ్గుతుంది. కాలవ చేపకి పులుసే అనువు అనడం అందుకే. ఆక్వా చెరువుల నీళ్ళు కలిసే మురుగు డ్రెయిన్లలో చేప మాత్రం ఎన్ని కడుగులు కడిగినా తినొద్దు.

కిలో ముక్కలకి 60 గ్రాముల చింతపండు, పావుకిలో ఉల్లిపాయ ముద్ద, చీల్చిన పచ్చిమిర్చి ఆరు, 100 మిల్లీలీటర్ల నూనె, పెద్ద చెంచాతో మూడు చెంచాల కారం, ఒకటిన్నర ధనియాల పొడి, చిన్న చెంచాడు జీలకర్ర పొడి, పావు చెంచా మెంతిపొడి, పసుపు, కరివేపాకు. ఉప్పు ముందు ఒక పెద్ద చెంచా, చివర్లో సరిచూడాలి. వెడల్పు మట్టి దాకలో నూనె కాగాక ఉల్లి ముద్దని పచ్చివాసన పోయి అంచుల్లో నూనె తేలే దాకా వేయించండి, సన్న సెగ మీద 12 నిమిషాలు పడుతుంది. ఇక్కడ తొందరపడితే పులుసు తియ్యగా, పచ్చిగా మిగులుతుంది. పొడులు వేసి, అర లీటరు పైన చింతపండు రసం పోసి, ముక్కలు వెయ్యకుండా పది నిమిషాలు మరగనివ్వాలి. తర్వాత ముక్కల్ని ఒక వరసలో పరచండి. గరిటె పెట్టొద్దు, దాకని గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. కొయ్యింగకి పది నిమిషాలు, బొచ్చెకి, జెల్లకి 12 నుంచి 15, కొర్రమీనుకి 20. దించాక కూడా మట్టి దాక వేడి ఉడికిస్తూనే ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలు ముందే పొయ్యి ఆపండి. పులస అయితే సెగ ఇంకా తగ్గించి, బెండకాయలు వేసి, మర్నాటికి తింటారు.

మాగని పులుసులో ముంచడం దండగ. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరటాకులో చుట్టి, కొబ్బరి చిప్పల నిప్పుల మీద ఒక్కో పక్క ఎనిమిది నిమిషాలు కాలిస్తే చాలు. మంట ఉండగా పెడితే ఆకు తగలబడి లోపల పచ్చిగా ఉంటుంది, నిప్పుల మీద బూడిద పొర కట్టే దాకా ఆగాలి. పట్టుకోగానే పొట్ట ఉబ్బించే చేప పడితే చేతుల్తో నొక్కకుండా వదిలెయ్యండి. దాని విషం వండినా పోదు.

ఇంటికి తీసుకెళ్ళే చేపకి కడుపు, మొప్పలు అక్కడే తీయించి, కిలో చేపకి కిలో ఐసు లెక్కన థర్మోకోల్ పెట్టెలో ఒక పొర ఐసు, ఒక పొర చేప సర్దించండి. పెట్టె అడుగున కన్నం పెట్టి కింద ఒక డబ్బా ఉంచితే కరిగిన నీళ్ళలో చేప నానదు. ఐసు లేకుండా ప్లాస్టిక్ సంచీలో కడితే నరసాపురంలో ఎక్కిన చేప విజయవాడ దాటేసరికి మెత్తబడుతుంది. వంజరం, కానాగంతలు కొనుక్కుంటే ఇంకా జాగ్రత్త: వేడికి వాటి కండలో తయారయ్యే హిస్టమిన్ వండినా విరగదు, తిన్న గంటలోపే ఒళ్ళు ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. రీళ్ళు, గాలాలు మాత్రం రైలెక్కే ముందే మంచినీళ్ళతో కడిగి తుడవండి, ఉప్పునీళ్ళు తగిలిన బేరింగు వారంలో పట్టేస్తుంది.