పాత ట్యూబ్ యాంప్ కొనేవారికి కర్నూలు నుంచి ఒక హెచ్చరిక

కర్నూలు, నంద్యాల, అనంతపురం వైపు సెకండ్‌హ్యాండ్ ట్యూబ్ యాంప్, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో (వాల్వులతో) నడిచే గిటార్ యాంప్లిఫయర్ కోసం వెతుకుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. అమ్మేవాడు పది నిమిషాలు వాయించి వినిపించిన శబ్దాన్ని బట్టి ఏదీ తేల్చుకోవద్దు. చల్లగా ఉన్న యాంప్ ఎంత కమ్మగా పలికినా, అది ఎన్నాళ్లు నిలబడుతుందో ఆ శబ్దం చెప్పదు. గంటసేపు వేడెక్కాక ఎలా పలుకుతుందో, వెనక భాగం ఎలా ఉందో, ఈ రెండూ చూడనిదే బేరం మొదలుపెట్టవద్దు.

నేను కొన్నది 15 వాట్ల కాంబో, అంటే యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది. స్పీకర్‌ను మోగించే పవర్ ట్యూబులు రెండు, ఈఎల్84 రకం. గిటార్ సన్నని శబ్దాన్ని ముందుగా పెంచే ప్రీయాంప్ ట్యూబులు మూడు, 12ఏఎక్స్7 రకం. కంపెనీ పేరు రాయను, దోషం కంపెనీది కాదు. అమ్మినాయన ఊళ్లోనే పాత సంగీత పరికరాలు కొని అమ్ముతుంటాడు. ఇరవై ఎనిమిది వేలు చెప్పి ఇరవై నాలుగుకు దిగాడు. వినిపించినప్పుడు గిటార్ తనదే, కేబుల్ తనదే, మధ్యలో శబ్దానికి ప్రతిధ్వని కలిపే డిలే పెడల్, పెద్ద గదిలో మోగినట్టు చేసే రివర్బ్ నాబ్ సగానికి పైన. వాల్యూమ్ రెండు దాటనివ్వలేదు. "పక్కింట్లో పెద్దాయనకు ఒంట్లో బాగాలేదన్నా" అన్నాడు. ఎక్కడిదని అడిగితే, ఆర్కెస్ట్రా వాళ్లదని, ఎప్పుడూ మేడ మీద గదిలోనే ఉండేదని చెప్పాడు. పెట్టెకు కొత్త నల్ల రెక్సిన్ అతికించి, చూడటానికి ముచ్చటగా ఉంది.

చర్చిలో పాటల ప్రాక్టీసుకు తీసుకెళ్లాను. ముప్పావు గంట బాగానే పలికింది. తర్వాత శబ్దం బొంగురుపోయింది, తీగను ఎంత గట్టిగా మీటినా నలిగినట్టే వచ్చింది. వార్నిషు కాలిన వాసన మొదలైంది. వెనక్కి వెళ్లి చూస్తే ఒక ఈఎల్84 లోపలి బూడిదరంగు ప్లేటు కుంపట్లో పెట్టిన ఇనుములా ఎర్రబడి ఉంది. స్విచ్చి కట్టేసేలోపే పొగ వచ్చింది.

వాల్వు రేడియోల కాలం నుంచి రిపేరు చేస్తున్న ఒక పెద్దాయన అదృష్టవశాత్తూ మా ఊళ్లో ఇంకా ఉన్నారు. ఈఎల్84 ఆయనకు కొత్త కాదు, ఆ కాలపు రేడియోలు చాలావాటిలో స్పీకర్‌ను మోగించింది ఈ ట్యూబే. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ రేడియో వాల్వులు తయారుచేసిన రోజులు ఆయన చూశారు. యాంప్‌ను బల్ల మీద పెట్టగానే ఆయన ముందుగా ఫ్యూజు మూత తిప్పారు. గాజు ఫ్యూజు చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. ఎప్పుడో ఎగిరిపోయిన ఫ్యూజును అలా మళ్లీ లోపలికి దూర్చారు. పక్కనే ప్యానెల్ మీద టీ1ఏ అని అచ్చువేసి ఉంది. అంటే అక్కడ ఉండాల్సింది ఒక ఆంపియర్ స్లో బ్లో (కాస్త ఆగి ఎగిరే) ఫ్యూజు.

తర్వాత వెనక వైపు రెక్సిన్ అంచును గోరుతో లేపారు. ప్లైవుడ్ మీద, పై అంచుకు నాలుగు వేళ్ల కింద, అడ్డంగా ఒక బూడిదరంగు గీత. ఆ గీత కింద చెక్క ఉబ్బి పొరలు విడిపోయింది. వేలితో రుద్దితే సన్నటి ఒండ్రు రాలింది. "తొమ్మిదో సంవత్సరం నీళ్లు" అన్నారాయన. కర్నూలు వాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి పాతనగరాన్ని ముంచినప్పుడు ఇళ్లలోని సామాన్లన్నీ ఆ రంగులోకే మారాయి. మేడ మీద గది కథ అక్కడితో తేలిపోయింది.

ఇన్నేళ్ల తర్వాత వరద నీరు ఏం చేస్తుందని అడగవచ్చు. ఇలాంటి కాంబోలో ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్లు తలకిందులుగా వేలాడతాయి కాబట్టి అవన్నీ మునిగాయి. ట్యూబు సాకెట్ల చుట్టూ ఎండిన ఒండ్రు తేమ పీలుస్తూనే ఉంటుంది. ప్లేటు మీద మూడు వందల వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, అక్కడి నుంచి ట్యూబులో కరెంటును అదుపు చేసే గ్రిడ్‌కు కొద్దిగా కరెంటు పాకడానికి ఆ మట్టి చాలు. శబ్దాన్ని మాత్రమే ముందుకు పంపి డీసీని ఆపే కప్లింగ్ కండెన్సర్లు కూడా దెబ్బతిని ఉన్నాయి, వేడి పెరిగేకొద్దీ వాటి లీకేజీ పెరుగుతుంది. గ్రిడ్ మీదకు ఉండకూడని పాజిటివ్ వోల్టేజీ చేరగానే ట్యూబు అదుపు తప్పి కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది. ఆ కరెంటు పోయేది ట్యూబులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల గుండానే. సరైన ఫ్యూజు ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ బతికే అవకాశం ఉండేది. వెండి కాగితం పుణ్యమా అని అదీ కాలిపోయింది. ట్యూబులు తెప్పించుకోవచ్చు, 2022 తర్వాత ధరలు పెరిగినా దొరుకుతాయి. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిపడేది మాత్రం ఇక్కడ షాపులో దొరకదు, చుట్టించాలి, లేకపోతే బయటి ఊరి నుంచి తెప్పించాలి.

ఇక శబ్దం సంగతి. మీ గిటార్, మీ కేబుల్ తీసుకెళ్లండి. పెడళ్లన్నీ పక్కన పెట్టించండి, రివర్బ్ సున్నాకు తిప్పండి. ముందు ఏదీ వాయించకుండా నాబులన్నీ సున్నా చేసి వినండి. కొద్దిపాటి రొద ఏ యాంప్‌లోనైనా ఉంటుంది, గది అవతలికి వినిపించే రొద మంచిది కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్. లోపలి డీసీ కరెంటును నునుపు చేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోతే వచ్చే రొద దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్. గిటార్ ఆరో తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే వచ్చేది 98 హెర్ట్జ్, కాబట్టి రొద దాదాపు ఆ స్వరంలోనే ఉంటే కండెన్సర్లను అనుమానించాలి. దానికి ఒక స్థాయి (ఆక్టేవ్) కింద, అంటే 50 హెర్ట్జ్ దగ్గర, లోతుగా గుయ్‌మంటే ఎర్తింగునో ట్యూబు హీటరు వైరింగునో అనుమానించాలి.

తర్వాత పన్నెండో ఫ్రెట్ పైన సన్న తీగ మీద ఒక్కొక్క స్వరం గట్టిగా మీటండి. స్వరం వెనకాల శ్రుతి తప్పిన మరో సన్నని స్వరం తోడుగా వినిపిస్తే అదీ ఫిల్టర్ కండెన్సర్ల పనే. ఆరో తీగను ఊరికే మీటి, శబ్దం ఆరిపోయేదాకా చెవి పెట్టండి. చివర్లో చిటపటలు వస్తే ట్యూబు గానీ, దానిలో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే బయాస్ గానీ తేడాగా ఉంది. బర్రుమని గీరుకుంటే స్పీకర్ కోన్ తడిసి వంకరపోయి ఉండవచ్చు. నాబ్ తిప్పినప్పుడు వచ్చే గరగర చాలాసార్లు దుమ్మే, క్లీనర్ కొడితే పోతుంది. కొట్టినా పోకపోతే లోపల డీసీ లీకవుతోందేమో అనుమానించాలి. వాట్సాప్‌లో పంపే వీడియోను నమ్మి అడ్వాన్సు పంపకండి, ఇలాంటి రొదలను ఫోను మైకు సగం మింగేస్తుంది.

ఇదంతా అయ్యాక వాల్యూమ్ సగానికి పైన పెట్టి గంటసేపు వాయించండి. ఎండాకాలం మధ్యాహ్నమైతే మరీ మంచిది, కర్నూలు ఎండను మించిన పరీక్ష లేదు. వేడెక్కాక శబ్దం సన్నబడుతోందా, టపటపమంటోందా, వాసన వస్తోందా గమనించండి. లైటు తీయించి వెనక నుంచి చూడండి. ట్యూబు నడుమ నారింజ రంగు వెలుగు ఉండాల్సిందే, గాజు లోపలి వైపు కనిపించే నీలి కాంతి వల్ల కూడా ప్రమాదం లేదు. ప్లేటు ఎర్రబడితే మాత్రం వెంటనే ఆపించండి. ట్యూబు పైభాగంలో వెండి పూత ఉంటుంది. అది తెల్లబడితే లోపలికి గాలి చేరింది, ఆ ట్యూబు పని అయిపోయినట్టే. చెక్క పెన్సిల్‌తో ప్రీయాంప్ ట్యూబులను మెల్లగా తట్టండి. టిక్కుమంటే ఫర్వాలేదు, గంటలా మోగితే మార్చాలి.

ప్లగ్గు తప్పకుండా చూడండి. నాకు అమ్మినదానికి మూడు పిన్నుల ప్లగ్గు తీసేసి రెండు పిన్నులది బిగించారు. అలా ఎర్త్ లేని యాంప్‌కు గిటార్ తగిలించి పాడుతుంటే, పెదవి మైకుకు తగిలినప్పుడు షాక్ కొట్టవచ్చు. లోపల ఏదైనా తెగి బాడీకి కరెంటు తగిలితే ప్రాణం మీదకే వస్తుంది. ఎర్త్ పిన్ను లేని యాంప్ దగ్గర గిటార్ తీగలు ముట్టుకోకండి. అమెరికా నుంచి వచ్చిన 120 వోల్టుల యాంపులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఇస్తుంటారు. అది వోల్టులను తగ్గిస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు, కాబట్టి యాంప్ 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసినదైతే మన కరెంటు మీద మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది, అది మనసులో పెట్టుకోండి.

ముందర ఒక ట్యూబు వెలుగుతోందని దాన్ని ట్యూబ్ యాంప్‌గా అంటగట్టేవాళ్లూ ఉన్నారు. 1990ల నాటి మార్షల్ వాల్వ్‌స్టేట్ లాంటి వాటిలో ప్రీయాంప్‌లో ఒక 12ఏఎక్స్7 ఉంటుంది, పవర్ భాగం ట్రాన్సిస్టర్లదే. అవి చెడ్డవి కావు, కానీ ట్యూబ్ యాంప్ ధర పెట్టకూడదు.

చాసిస్‌ను, అంటే ట్యూబులు, వైర్లు బిగించిన లోహపు చట్రాన్ని, మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కండెన్సర్లలో మూడు నాలుగు వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ఫ్యూజు మూత తిప్పడానికి, పెట్టె వెనక అంచు చూడటానికి విప్పాల్సిన పని లేదు. అదీ ప్లగ్గు పీకాకే చేయండి.

అమ్మినాయనను డబ్బు వెనక్కి అడిగితే "మీరు వాయించి చూసుకునే కదా తీసుకున్నారన్నా" అన్నాడు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. అందుకే నీళ్లలో తడిసిందా, లోపల ఏమేం మార్చారు, ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు అన్నవి కట్టే ముందే మెసేజ్‌లో రాయించుకోండి. అన్నీ బాగున్నా, పదిహేనేళ్లు దాటిన యాంప్‌కు ఫిల్టర్ కండెన్సర్లు, పవర్ ట్యూబులు మార్చే ఖర్చు తీసేసి బేరమాడండి. ఒండ్రు గీత కనిపిస్తే చెక్క పెట్టె ధరకు కూడా వద్దు. ఈ మధ్య అదే మనిషి ఇంకో కాంబో ఫొటోలు పెట్టాడు, దానికీ కొత్త రెక్సినే. చూడటానికి వెళ్లేవాళ్లు వెనక అంచు లేపి చూపించమని అడగండి.