బడి గంట నాలుగింటికా, ఐదింటికా: ఏది మేలు?

మా బడిలో ఎనిమిదో పీరియడు మూడూ ఇరవైకి మొదలవుతుంది. ఆ వేళ తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పాల్సి వస్తే నేను కొత్త పాఠం ఎత్తుకోను. ఇరవై రెండేళ్ల ఉద్యోగం నేర్పిన పిరికితనం అది. కిటికీ పక్క అమ్మాయిలు అప్పటికే సంచులు సర్దేసి ఒళ్లో పెట్టుకుని ఉంటారు. వాళ్ల ఊళ్లకు వెళ్లే పల్లెవెలుగు నాలుగూ పదికి కూడలికి వస్తుంది. అది తప్పితే మళ్లీ ఆరింటికే. వెనక బెంచీవాడు చెంపకు చెయ్యి ఆనించి బోర్డు వైపే చూస్తుంటాడు. రెండు చరరాశుల రేఖీయ సమీకరణం వాడి కళ్ల ముందు నుంచే వెళ్లిపోతుంటుంది, వాడు దాన్ని ఆపడు.

ఈ పీరియడు వెనక ఇంకో గంట తగిలిస్తే ఏమవుతుంది? 2024 నవంబరు చివరి వారంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పని చేసి చూసింది. మండలానికి ఒకటో రెండో ఉన్నత పాఠశాలలను ఎంచుకుని, నాలుగింటికి ముగిసే బడిని ఐదింటి దాకా నడపమంది. పీరియడుకు ఐదేసి నిమిషాలు కలిపి, మిగిలిన సమయాన్ని భోజనానికీ చిన్న విరామాలకూ పంచారు. మా బడి ఆ జాబితాలో లేదు. అయినా మా స్టాఫ్ రూములో వాదన టీ చల్లారిపోయేదాకా సాగింది. ఉపాధ్యాయ సంఘాలు వద్దన్నాయి. కొందరు తల్లిదండ్రులు మాత్రం, ఇంట్లో ఎలాగూ ఫోను పట్టుకుని కూర్చుంటాడు, బడిలోనే ఉండనివ్వండి అన్నారు. ఆ మాటను కొట్టిపారేయడం నావల్ల కాలేదు.

గంట పెంచాలనేవారి పక్షాన బలమైన వాదన ఒకటుంది. పట్నంలో డబ్బున్నవాళ్ల పిల్లల చదువు నాలుగింటికి ముగియదు. మా పక్కింటి కుర్రవాడు ఏడో తరగతి. ఉదయం ఏడింటికి బడి బస్సు ఎక్కితే, ఐఐటీ ఫౌండేషన్ తరగతులు ముగించుకుని ఆరున్నరకు దిగుతాడు. ఆ తర్వాత హిందీ ట్యూషను. సర్కారు బడి పిల్లవాడికి మాత్రం నాలుగింటికి పుస్తకం మూసేస్తే, మళ్లీ తెరిచేది మర్నాడు తొమ్మిదింటికి. ఈ అంతరాన్ని ప్రభుత్వం కాకపోతే ఎవరు పూడుస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే పక్కింటి కుర్రవాడు రాత్రి అన్నం పళ్లెం ముందే కునికిపాట్లు పడటం కూడా నేను చూస్తున్నాను. ఈ పోటీకి అంతు లేదు. దక్షిణ కొరియాలో అది ముదిరి ముదిరి, సియోల్ నగరంలో ట్యూషన్ కేంద్రాలు రాత్రి పదింటికి మూసేయాలని నిబంధన పెట్టాల్సి వచ్చింది.

ఇక లెక్కకు వద్దాం, నా వృత్తి అది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలంటుంది. మొదటి పీరియడు 45 నిమిషాలు, మిగిలిన ఏడూ నలభై చొప్పున వేసుకుంటే రోజుకు 325 నిమిషాలు. 220 రోజులకు 1,190 గంటల పైమాటే. అంటే నాలుగింటికే గంట కొట్టినా చట్టం అడిగినదానికంటే దాదాపు 190 గంటలు ఎక్కువే చెబుతున్నాం. కాగితం మీద.

కాగితం నుంచి తరగతి గదికి వచ్చేసరికి ఆ గంటలు ఎటు పోతున్నాయి? ఉదయం ముఖం చూపించి హాజరు వేయాలి. నెట్‌వర్క్ లేకపోతే ఫోను పైకెత్తి వరండాలో తిరగాలి. భోజనానికి ఎందరున్నారో, గుడ్లు ఎన్నో నమోదు చేయాలి. ఎన్నికలొస్తే శిక్షణ, ఆపైన డ్యూటీ. ఆంధ్రలో బడికి ఒక గంట కలిపి చూసిన ఆ నవంబరులోనే తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వేకు ఉపాధ్యాయులను పంపి, ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూట నడిపారు. ఒక తెలుగు రాష్ట్రం పిల్లల రోజుకు గంట కలపాలని చూస్తుంటే, రెండో రాష్ట్రం పూటకు పూటే తీసేసుకుంది. సర్వే అనవసరమని అనను. కానీ కుండకు చిల్లి ఉంచుకుని ఇంకో చెంబు నీళ్లు పోస్తామంటే ఎలా?

కాబట్టి మొదటి దారితో పోల్చితే రెండో దారి, అంటే ఉన్న గంటలను కాపాడుకోవడం, నాకు మెరుగ్గా కనిపిస్తుంది. దానికి కొత్తగా చేయాల్సింది కూడా తక్కువ. బడికి ఒక గుమాస్తాను ఇచ్చి ఈ నమోదులన్నీ అతనికి అప్పగిస్తే చాలా సమయం తిరిగి వస్తుంది. నేను ఉపాధ్యాయుణ్ని కాబట్టి ఇలాగే అంటానని అనుమానం రావచ్చు. తొందరగా ఇల్లు చేరాలన్న ఆశ నాకూ ఉంది, దాచను. ఆరు రోజులూ తొమ్మిది నుంచి ఐదింటి దాకా అంటే వారానికి 48 గంటలు. చట్టం ఉపాధ్యాయుడికి రాసిన వారపు గంటలు, ఇంట్లో చేసుకునే తయారీతో కలిపి, 45.

పొద్దు సంగతి వేరే చెప్పాలి. నవంబరు చివర శ్రీకాకుళం వైపు ఐదుంబావు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. ఐదింటికి గంట కొడితే, రెండు మైళ్లు నడిచే ఎనిమిదో తరగతి అమ్మాయి చీకట్లో ఇల్లు చేరుతుంది. వారం రోజులు అలా జరిగితే ఆ తండ్రి ఏ నిర్ణయం తీసుకుంటాడో పల్లెల్లో పనిచేసిన వాళ్లెవరినైనా అడగండి. కేరళ 2025లో ఉన్నత తరగతులకు అరగంట పెంచినప్పుడు ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట చొప్పున కలిపి, శుక్రవారాన్ని మినహాయించింది. ఉదయం మదరసా తరగతులు దెబ్బతింటాయని అక్కడా అభ్యంతరాలు వచ్చాయి. గడియారంలో ముల్లు ఎటు జరిపినా ఎవరో ఒకరి ఇంటి పని, బస్సు, ప్రార్థన దానికి తగులుతాయి.

ఇంతవరకు చెప్పింది చూస్తే నాలుగింటికే గంట కొట్టి ఇంటికి పంపేయమని నా తీర్పు అనిపిస్తుంది. రెండేళ్ల కిందట ఒక పిల్లవాడు నా చేత ఆ తీర్పు మార్పించాడు.

ఆ శీతకాలం పదో తరగతికి సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టాం. అన్ని బడుల్లోనూ ఉండేవే. ఒక అమ్మాయి తమ్ముడు ఏడో తరగతి. అక్కతో కలిసి ఇంటికి వెళ్లాలి కాబట్టి గది గడప దగ్గర కూర్చునేవాడు. ఊరికే కూర్చోలేక ఇంటిపని రాసుకునేవాడు. జనవరిలో ఒకరోజు వాడి లెక్కల పుస్తకం తిరగేశాను. దసరా దాకా పేజీ తర్వాత పేజీ ఖాళీ, ప్రతి ఖాళీ కిందా నా ఎర్ర సిరా. డిసెంబరు నుంచి ఒక్క పేజీ వదల్లేదు. తప్పులున్నాయి, కొట్టివేతలున్నాయి, కానీ రాశాడు. ఇంట్లో ఎందుకు చేయవురా అని అడిగితే, "మాది ఒకటే గది సార్. ఆ టయానికి అమ్మ పొయ్యి వెలిగిస్తుంది. చెల్లి పుస్తకం లాగేస్తుంది" అన్నాడు. వాడికి నేను అదనంగా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. గడప, వెలుతురు, పక్కన చదువుకునేవాళ్లు, అంతే. మార్చిలో పరీక్షలతో పాటు ప్రత్యేక తరగతులూ అయిపోయాయి. ఒంటిపూట బడుల్లో మళ్లీ పుస్తకం అడిగాను. ఖాళీ.

అందుకే నా మొగ్గు మూడో దారి వైపు. బడి నాలుగింటికే ముగియాలి, గేటు మాత్రం ఐదున్నర దాకా తెరిచి ఉండాలి. ఉండాలనుకున్నవాళ్లు ఉంటారు. ఒకరు ఇంటిపని చేసుకుంటారు, ఇంకొకరు గ్రంథాలయం బీరువా తెరుస్తారు (దాని తాళం ఎక్కడుందో ముందు వెతకాలి), కొందరు కబడ్డీ ఆడతారు. కొత్త పాఠం, స్లిప్ టెస్టు, హాజరు పట్టీ ఉండకూడదు. చిలీ దేశం 1997 నుంచి పూటబడులను రోజంతా నడిచే బడులుగా మారుస్తూ వచ్చింది. పరీక్ష మార్కుల్లో వచ్చిన లాభం చిన్నదే. బడి గంటలు పెరిగిన చోట్ల టీనేజీ తల్లుల సంఖ్య, పిల్లల నేరాలు తగ్గినట్టు మాత్రం పరిశోధకులు గమనించారు. బడి ఒక భద్రమైన చోటుగా చేసే మేలు మార్కుల పట్టికలో కనిపించకపోవచ్చు.

ఈ దారిలోనూ లోపం ఉంది. ఇష్టమైతే ఉండు అంటే, ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ముందు వెళ్లిపోతారు. మేకలు తోలుకు రావాల్సినవాడు, తమ్ముణ్ణి ఎత్తుకోవాల్సిన పిల్ల గేటు దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడరు. అందరికీ గంట పెంచితే వాళ్లు కూడా గదిలోనే ఉంటారన్నది మొదటి దారికున్న నిజమైన బలం. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బలవంతపు గంట వల్ల అలాంటివాళ్లలో కొందరు బడే మానేస్తారేమోనన్న భయం మాత్రం ఉంది.

ఖర్చు పెద్దదేమీ కాదు. ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఒకరిద్దరికి గౌరవ వేతనం, పిల్లలకు గుప్పెడు ఉడికిన శనగలు. మధ్యాహ్నం తిన్న అన్నం ఐదింటిదాకా ఆగదు. తెలంగాణలో పదో తరగతి ప్రత్యేక తరగతులకు అల్పాహారం ఇచ్చింది కూడా ఇందుకే. వీటికంటే ముందు మాకు కావాల్సింది బస్సు. ఆరింటి పల్లెవెలుగును ఐదూ నలభైకి జరపమని డిపోకు అర్జీ రాసి, ఇద్దరు సర్పంచుల సంతకాలు తీసుకున్నాను. మూడో ఊరి సర్పంచి పెళ్లికి వెళ్లారట, సోమవారం రమ్మన్నారు.