"30 రోజుల్లో మీ సొంత స్టైల్" అనే వాటర్ కలర్ ప్యాకేజీలు కొనేముందు ఒక్కసారి ఆగండి

రీల్స్‌లో తెగ తిరుగుతున్న వాటర్ కలర్ కోర్సు, దానితోపాటు వచ్చే కిట్ కలిపి 4,999 రూపాయలకు కొన్నాను. పేరు రాయడం లేదు. అదే అచ్చులో పోసినవి ఇంకా కొన్ని కనిపిస్తున్నాయి, ఒక పేరు చెబితే మిగతావన్నీ మంచివే కాబోలు అనుకునే ప్రమాదం ఉంది. అందుకే గుర్తులు చెబుతాను, మీరే పోల్చుకోండి.

ముందుగా పేపరు, ఎందుకంటే అసలు మోసం అక్కడే ఉంది. ప్యాక్ మీద "300 జీఎస్ఎమ్, 100% కాటన్, కోల్డ్ ప్రెస్" (అంటే కాస్త గరుకుగా ఉండే రకం) అని పెద్ద అక్షరాలు. తడిపిన పేపరు మీద ఆకాశానికి రంగు వేస్తే అది మెల్లగా పాకాలి. ఇక్కడ నీళ్లు వేసీవేయగానే లోపలికి ఇంకిపోయాయి, రంగు ఎక్కడ పెడితే అక్కడే మరకలా ఆగిపోయింది. రెండో పూత వేస్తుంటే కాగితం పొట్టు లేచి బ్రష్‌కు అంటుకుంది. మాస్కింగ్ టేపు తీస్తే పై పొర కూడా దానితో ఊడి వచ్చింది. కోర్సు గ్రూపులో ఫొటో పెట్టి అడిగితే వచ్చిన సమాధానం: "ప్రాక్టీస్ చేయండి మేడమ్, చెయ్యి కుదురుతుంది." నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఈ మాటే. కొత్తగా నేర్చుకునేవాళ్లు తమకు చెయ్యి తిరగదనుకుని ఇక్కడే బ్రష్ కింద పెట్టేస్తారు. నీళ్లు వెంటనే ఇంకిపోకుండా ఆపే సైజింగ్, అంటే జిగురు పూత, సరిగా లేని పేపరు మీద ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సాఫీగా వాష్ (నీళ్లు ఎక్కువ కలిపిన పలుచని పూత) వేయలేరు.

పేపరు బరువు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. జీఎస్ఎమ్ అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందని. ఏ4 షీటు చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి నిజంగా 300 జీఎస్ఎమ్ అయితే ఒక్కో షీటు దాదాపు 18.7 గ్రాములు, పది షీట్లు 187 గ్రాముల దగ్గర తూగాలి. కిచెన్ స్కేలు మీద పెడితే నా కిట్‌లోని పది షీట్లు 130 కూడా రాలేదు. అంటే 200 జీఎస్ఎమ్, కాస్త అటూ ఇటూగా. అది కాటనా, చెక్క గుజ్జా అనేది తూకంతో తేలదు. కానీ బరువు దగ్గరే అబద్ధం ఆడినవాళ్లు కాటన్ విషయంలో నిజం చెప్పి ఉంటారా?

ఇక రంగులు. ట్యూబుల మీద పేర్లు మహా కవితాత్మకంగా ఉన్నాయి, పిగ్మెంట్ నంబరు మాత్రం ఒక్కదాని మీదా లేదు. పద్ధతిగా తయారుచేసిన ట్యూబు మీద లోపల ఏ పొడి ఉందో కోడ్ ఉంటుంది: అల్ట్రామెరైన్ నీలం అయితే పీబీ29, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) ఎక్కువగా పీబీఆర్7, క్వినాక్రిడోన్ రోజ్ అయితే పీవీ19. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, కోడ్ దగ్గర ఆ వెసులుబాటు ఉండదు. కిట్‌లోని మెరిసే గులాబీ రంగుతో ఒక పట్టీ గీసి, సగం మీద నల్ల కాగితం కప్పి, ఎండ పడే కిటికీకి అంటించాను. ఎండాకాలం అయ్యేసరికి కప్పని సగంలో ఏదో రంగు ఉండేదని ఊహించుకోవాల్సిందే. కళ్లు చెదిరే గులాబీలలో తరచుగా ఫ్లోరోసెంట్ డై ఉంటుంది, అది వెలుతురుకు నిలవదు. పాతకాలపు అలిజరిన్ క్రిమ్సన్ ఎరుపు, అంటే పీఆర్83, కూడా వెలిసిపోయే రకమే. స్కెచ్ బుక్ లోపల ఉండే బొమ్మకు ఫర్వాలేదు. ఎవరి గృహప్రవేశానికో ఫ్రేము కట్టించి ఇస్తే మాత్రం పరువు పోతుంది.

బ్రష్‌ల మీద "నేచురల్ హెయిర్" అని ఉంది, చూస్తే మామూలు నైలాన్. ఒక రకంగా నయమే. ఏ జంతువు వెంట్రుకో చెప్పని బ్రష్ అసలు కొనకండి, ముంగిస వెంట్రుకల బ్రష్‌లు అమ్మడం మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఇప్పుడు వాళ్లు అమ్మిన "స్టైల్" దగ్గరికి వద్దాం. మొదట ఒక క్విజ్ ఉంటుంది, మీకు సముద్రం ఇష్టమా, కొండలు ఇష్టమా లాంటి ప్రశ్నలతో. చివర్లో "మీరు డ్రీమీ మినిమలిస్ట్" అని వస్తుంది. నా ఫ్రెండ్ అన్నిటికీ నాకు సరిగ్గా ఎదురు సమాధానాలు ఇచ్చింది, తనూ డ్రీమీ మినిమలిస్టే. తర్వాత పీడీఎఫ్‌లో గీతలు వస్తాయి, వాటిని ట్రేస్ చేసి వీడియోలో చూపినట్టు రంగు నింపాలి. లావెండర్ తోట, మంచులో చెక్క ఇల్లు, ఆకాశంలో ధ్రువకాంతులు. మనలో ఎంతమంది చూశాం వీటిని? గ్రూపులో అందరి బొమ్మలు పక్కపక్కన పెట్టి పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో వేసినవాళ్లే చెప్పలేరు. అన్నిటి కిందా ఒకటే కామెంటు, "సూపర్". ఆ వెంటనే సర్టిఫికెట్, దానితోపాటే "అడ్వాన్స్‌డ్ లెవెల్ 9,999 మాత్రమే" అనే మెసేజ్.

ఇంకొకరి పద్ధతి నేర్చుకోవడం తప్పేమీ కాదు. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో పని చేస్తుంటే బెంగాల్ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గరుండి చూశారు. చూసింది చూసినట్టు దింపలేదు. రంగు వేసిన కాగితాన్ని నీళ్లలో ముంచి, ఆరాక మళ్లీ రంగు వేస్తూ తన వాష్ పద్ధతి తయారుచేసుకున్నారు. (నా కిట్ పేపరు ఆ నీళ్లలో పడితే గుజ్జు తప్ప ఇంకేమీ చేతికి రాదు.) మన దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి గోదావరి సీమ మనుషులనూ ప్రకృతినీ వేశారు. 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయినా, రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీకి వెళ్తే ఆ చెయ్యి ఎవరిదో ఇట్టే తెలుస్తుంది. ఎంత నీళ్లు కలుపుతాం, ఏ అంచు తడిగా వదిలేస్తాం, తెల్ల కాగితాన్ని ఎక్కడ ముట్టుకోకుండా ఉంచుతాం, ఇలాంటి చిన్న చిన్న అలవాట్లన్నీ కలిస్తేనే స్టైల్. వీటిలో ఒక్కదాని గురించి కూడా ఆ కోర్సులో మాట లేదు.

అదే డబ్బులో మూడు నాలుగు మంచి ట్యూబులు, కొన్ని కాటన్ షీట్లు వస్తాయి. పెద్ద షీటు కొని ఎనిమిది ముక్కలు చేసుకోండి. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిద రంగులతోనే వర్షాకాలం మొత్తం గడిపేయొచ్చు.

రిఫండ్ అడిగితే "వీడియో ఓపెన్ చేశారు, కిట్ సీల్ తీశారు, కుదరదు" అన్నారు, తర్వాత వాట్సాప్‌లో జవాబే లేదు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం అమ్మే సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ రూలు రాసి, స్కేలు మీద పేపరు ఫొటో, ప్యాక్ ఫొటో జతచేసి మెయిల్ పెట్టాను. 1915 నంబరు కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేశాను. కిట్ వరకు డబ్బు వెనక్కి వచ్చింది, ఆ ఫొటోల పుణ్యమే. కాబట్టి పార్సెల్ విప్పేటప్పుడే వీడియో తీసుకోండి, ప్యాక్ అట్ట పారేయకండి. కోర్సు డబ్బు సంగతి ఇంకా తేలలేదు.