చనుకట్లకు మందు: ముంచే కప్పా, చేతి స్ప్రేనా, మిషనా? ఏది మేలు?

దేవనహళ్ళి దగ్గర మా బావమరిది ఇరవై హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవుల్ని సాకుతున్నాడు. మొన్న ఆదివారం నేను బెంగళూరు నుంచి వెళ్లేసరికి ఫోన్‌లో న్యూజిలాండ్ రోటరీ షెడ్డు, అంటే తిరిగే అరుగు మీద ఆవుల్ని నిలబెట్టి పాలు పిండే షెడ్డు చూస్తున్నాడు. "చూడు బావా, ఆవు దిగుతుంటే కిందనుంచి మందు దానంతటదే చిమ్ముతోంది. మనమూ పెట్టిద్దామా?" అన్నాడు.

పాలు పిండగానే చనుకట్టు రంధ్రం మూసుకోదు, అరగంటకు పైనే పడుతుంది. ఆలోగా ఆవు పేడలో పడుకుందా, పొదుగువాపుకు దారి తెరిచినట్టే. అందుకే పిండాక అయోడిన్ మందు, ఆ వెంటనే ముందర మేత. మేత ఉంటే ఆవు నిలబడే ఉంటుంది. ప్రతి పూటా మందు పెడితే, ఆవు నుంచి ఆవుకు అంటుకునే క్రిములతో వచ్చే కొత్త జబ్బులు దాదాపు సగం తగ్గుతాయని ఇంగ్లండ్‌లో 1960లలోనే తేల్చారు.

ఇక రోటరీ సంగతి. అరవై ఆవులు నిలబడే గుండ్రటి అరుగు పది నిమిషాలకొక చుట్టు తిరిగితే, పది సెకన్లకొక ఆవు దిగే చోటికి వస్తుంది. అంటే గంటకు 360. అక్కడ ఒక మనిషి స్ప్రే పట్టుకుని నిలబడితే రెండో గంటకే భుజం పడిపోతుంది, చేయి తప్పుతుంది. మిషన్‌కు ఆ అలసట లేదు. వాళ్లకు అది సోకు కాదు, అవసరం.

అయితే మిషన్లన్నీ ఒకటి కావు. దిగే దారిలో నేలకు బిగించే నాజిల్ చవక, కానీ ఆవు తొందరగా నడిచినా గాలి కొట్టినా మందు పొదుగు మీదో కాళ్ల మీదో పడుతుంది. అరుగు మీదే వెనక కాళ్ల మధ్యకు చాచే మిషన్ చెయ్యి ఇంకాస్త నయం, ఆవు కదలకుండా ఉంటుంది కాబట్టి. పాలు తీసే కప్పులోనే మందు వేసి, కప్పును కూడా కడిగేసే రకం నాకు బాగా నచ్చింది. ఒక ఆవు క్రిములు ఇంకో ఆవుకు పోవడం తగ్గుతుంది. కాకపోతే మందు పాలలో కలవకుండా దానికి కవాటాలు సరిగ్గా పనిచేయాలి, ఖర్చూ ఎక్కువే.

మావాడి లెక్క వేరు. ఇరవై ఆవులు, రెండు పూటలు. ముంచే కప్పుతో ఆవుకు పూటకు సుమారు 10 మిల్లీలీటర్లు, చేతి స్ప్రేతో 15. స్ప్రేకు నెలకు ఆరు లీటర్లు అదనం. పైగా కప్పులో ముంచితే చనుకట్టు చుట్టూ తడుస్తుంది. దీని లోపం మురికి: పేడ పడితే అయోడిన్ బలం పోతుంది. ఆ మందు పారబోసి కప్పు కడగాలి. మిగిలింది కదా అని నేను ఒకసారి మళ్లీ డబ్బాలో పోశాను, డబ్బా మొత్తం పాడుచేసుకున్నాను.

మావాడు ఇప్పటికీ స్ప్రేనే వాడుతున్నాడు. సాయంత్రం పిండాక, అతను మందు కొట్టిన చనుకట్టుకు టిష్యూ కాగితం చుట్టి తీశాను. చనుకట్టు బయటివైపు తగిలిన చోట గోధుమరంగు మరక, లోపలివైపు తగిలిన చోట తెల్లగా అట్లే ఉంది. ఇంకో ఆవుకూ అంతే.

కాగితం కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "వచ్చేవారం రెండు కప్పులు పట్టుకురా బావా" అన్నాడు.