మారతహళ్ళిలో ఉద్వేగాల తరగతి: ఆరు శనివారాల్లో దండగ ఒక్కటే

బెంగళూరు మారతహళ్ళి వంతెన దగ్గర ఓ మేడమీది గదిలో శనివారం సాయంత్రాలు 5 నుంచి 7 దాకా నడిచే తెలుగు తరగతి ఇది. ఆరు వారాలకు 3,000 రూపాయలు. అమెరికన్ తత్వవేత్త మార్తా నుస్‌బామ్ ఉద్వేగాల గురించీ నీతి గురించీ రాసినవాటిని, ఆమె రాసిన వరసలోనే చదివిస్తారు. వారానికి పాతిక పేజీల జిరాక్సులిస్తారు. పాఠం ఇంగ్లీషులో, చర్చ తెలుగులో.

మొదటి వారం దండగ. షికాగోలో ఉద్యోగం, 2016లో క్యోటో బహుమతి, 2021లో హోల్బర్గ్ బహుమతి అంటూ సన్మాన సభలా సాగుతుంది. ఆ సమయం 1986 నాటి పుస్తకానికి ఇవ్వాల్సింది. మంచిగా బతికేవాడి బతుకు కూడా అదృష్టం చేతిలో ఎంత సులువుగా పగిలిపోతుందో గ్రీకు విషాద నాటకాలతో చూపించారందులో. తర్వాతి పనికి అదే పునాది.

రెండో వారం మాత్రం మానకూడదు. 1992లో నుస్‌బామ్ డబ్లిన్‌లో ఉండగా తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురందింది. విమానం దిగి వెళ్ళేసరికి తల్లి లేదు. 2001 పుస్తకం ఈ దుఃఖంతోనే మొదలవుతుంది. దుఃఖమంటే గొంతు పూడుకుపోవడం కాదు, 'నా బతుక్కి ముఖ్యమైన మనిషి ఇక లేదు' అన్న నిర్ణయం అని నుస్‌బామ్ వాదన. ఉద్వేగంలో ఆలోచన ఉంది కాబట్టే అది సబబా కాదా అని అడగగలం. ఇది అందనివాళ్ళు తర్వాత తెల్లమొహం వేస్తారు.

మూడో వారాన్ని ఒక్క మాట పాడుచేసింది. పరుల కష్టానికి కదలాలంటే అరిస్టాటిల్ మూడు షరతులు పెట్టాడు: కష్టం పెద్దదై ఉండాలి, కొనితెచ్చుకున్నది కాకూడదు, మనకూ రావచ్చనిపించాలి. మూడోది తప్పనిసరి కాదు, ఆ మనిషి మేలు మన మేలులో భాగమైతే చాలునంటారు నుస్‌బామ్. నోట్సులో దీన్నంతా 'జాలి' అని రాశారు. జాలి పైనుంచి కిందికి చూస్తుంది. ఆమె చేసిన సవరణ అందులో ఇమడదు. 'కరుణ' అంటే సరిపోయేది.

నాలుగో వారం 2004 నాటి పుస్తకం, అసహ్యం గురించి. బల్లమీద రెండు స్టీలు గ్లాసులు పెట్టి, ఒకదాన్ని టీకొట్టు చూరులో దళితులకని విడిగా దోపే గ్లాసు అనుకోమంటారు. రెండూ ఒకే సబ్బుతో కడిగినవే. మరి మురికెక్కడుంది? కుళ్ళిన వస్తువుల మీద పుట్టే ఏవగింపును మనుషులకు అంటగట్టడం ఎలాగో ఉపన్యాసం అక్కర్లేకుండానే తెలుస్తుంది. ఠాగూరు, గాంధీల ప్రస్తావన ఉన్న 2013 పుస్తకాన్ని ఐదో వారం పరుగున ముగించారు.

ఆరోది కోపం. వరసలో చదివించడం ఎందుకు మంచిదో ఇక్కడ తెలుస్తుంది: అన్యాయం మీద కోపం సబబేనని మొదట సమర్థించిన నుస్‌బామ్, 2016 పుస్తకంలో ఆ మాట మార్చుకున్నారు. తరగతిలో తీసుకున్న ఉదాహరణ బెంగళూరుదే. ఇల్లు ఖాళీ చేశాక ఓనరు పెయింటింగు పేరు చెప్పి అడ్వాన్సులో నెల అద్దె కోసేశాడు. అతనికి నష్టం జరగాలని కోరుకుంటే మన డబ్బు వెనక్కి రాదు. 'నన్ను లోకువ చేశాడు' అన్నదే బాధైతే, అతన్ని దించితే ఊరట దొరుకుతుంది నిజమే, కానీ అప్పుడు చూపంతా మన పరువు మీదే ఉంటుంది. మిగిలేది 'ఇది అన్యాయం, ఏదో ఒకటి చేయాలి' అన్న కోపం. దాన్ని తరగతిలో 'మళ్ళింపు కోపం' అన్నారు. ఈ మాట మాత్రం బాగా కుదిరింది. దిగిన రోజే గోడల ఫొటోలు తీయడం, పెయింటింగు ఖర్చెవరిదో అగ్రిమెంటులో రాయించుకోవడం ఆ కోపం చేసే పనులు.

వంతెన దగ్గర ట్రాఫిక్ చూసుకుని 4 గంటలకే బయల్దేరండి. అసలు పేరా గట్టిగా చదివేది మొదటి ఇరవై నిమిషాల్లోనే. ఫీజు ఆరు వారాలకూ కలిపే కట్టాలి, విడి వారాలకు విడిగా తీసుకోరు.